మందే గద

రెడ్‌హిల్స్‌లో పొద్దున ఏడింటికి
బండి దగ్గర సగం చాయ్ వదిలేసి వస్తాను.
లోపలికి పోయాక నాలుగు గంటలు
ముక్కు దురద పెట్టినా గోకే వీల్లేదు.

ముందు ఒక జత గ్లౌజులు, గౌను మణికట్టు కింద.
ఆపైన ఇంకో జత, మణికట్టు మీంచి.
అరగంటకోసారి విప్పి పారెయ్యాలి,
చిరగకపోయినా, మరక పడకపోయినా.
ఈ గదిలోకి గాలి వస్తుందే గానీ పోదు.
తలుపు తీస్తే సన్నగా ఈల,
ఎవరో ఊపిరి పీల్చి బిగబట్టినట్టు.

సీసాలో ఎర్రటి మందు.
చూడనివాళ్లకు చెబితే దానిమ్మ రసం అనుకుంటారు.
తొందరపడి సిరంజితో గాలి ఎక్కించామా,
సూది పక్క నుంచి ఒక తుంపర,
కంటికి ఆననంత.
అందుకే ఎంత మందు తీస్తే
అంతకన్నా కాస్త తక్కువ గాలి.
ఒకప్పుడు ఇదంతా కిటికీ పక్క టేబుల్ మీద
ఫ్యాన్ కింద కలిపేవాళ్లట.
ఆ మాట చెప్పి ఫర్హత్ మేడమ్ ఊరుకుంది.
మూడుసార్లు పేరు అనుకుని
ఒక్కసారీ పిలవలేకపోయిందని
మాకు చాలా తర్వాత తెలిసింది.

లేబుల్ మీద: నర్సవ్వ, యాభై రెండు, బరువు నలభై ఒకటి.
పోయినసారి నలభై నాలుగు.
ఆమె ముఖం నాకు తెలియదు,
తగ్గిన మూడు కిలోలే తెలుసు.

మూత బిగించి, పసుపు స్టిక్కర్ అంటించి
కిటికీలోంచి అవతలికిస్తే నా పని అయిపోయినట్టే.
పదకొండేళ్లు అట్లాగే అనుకున్నాను.

మొన్న లిఫ్ట్ పాడై మెట్లు దిగుతుంటే
సెల్లార్‌లో నీళ్ల చప్పుడు.
ఆరో వార్డు దుప్పట్లు.
కుచ్చిళ్లు దోపుకుని బాలమణి ఉతుకుతోంది,
వట్టి చేతులతో.
రెండు రోజుల దాకా చెమటలో, మూత్రంలో
ఆ మందే ఉంటుందని చెప్పాను.
నవ్వింది.
"మందే గద మేడమ్. విషమైతే కాదు గద."

దీనికి జవాబు ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు.

కొత్తవాళ్లకు పని నేర్పేటప్పుడు వాడే
మెరుపు నీళ్లు తెచ్చాను.
చూడ్డానికి ఉత్త నీళ్లే.
చెంచాడు పాత దుప్పటి మీద పోసి
ఎప్పట్లాగే ఉతకమన్నాను.
ఉతికింది, పిండింది, నుదురు తుడుచుకుంది,
కొంగు సర్దుకుంది, పక్కనున్న డబ్బా జరిపింది.
ఏముంది ఇందులో అన్నట్టు చూసింది.

లైటు ఆర్పి నీలం టార్చి వేశాను.

మోచేతుల దాకా వెలిగింది బాలమణి.
గాజుల సందుల్లో, గోళ్ల చివర,
బొట్టు పక్కన ఇంకో బొట్టు,
కొంగు అంచు, నల్లా పిడి,
టిఫిన్ డబ్బా మూత.
"దీపావళి లెక్క ఉంది" అంది మొదట.
తర్వాత మూత వైపే చూస్తూ ఉండిపోయింది.
"ఈ డబ్బల మిగిలిందే గద
పొద్దుమీకి మా చిన్నదానికి పెడ్త."

నేను టార్చి ఆర్పలేదు, లైటూ వెయ్యలేదు.
"తొమ్మిదేండ్ల సంది?" అంది.
నన్ను కాదు, నల్లాను అడిగింది.

స్టోర్‌కు ఇండెంట్ రాశాను:
పొడవు గ్లౌజులు, సెల్లార్‌కు, నెలకు ఆరు వందలు.
స్టోర్ కీపర్ ఒక సున్నా కొట్టేశాడు.
మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశాడు.
మూడోసారి టార్చి కూడా పట్టుకుపోయాను.
ఆయన కుర్చీ మీది తువాలూ
సెల్లార్‌లోనే ఉతుకుతారు మరి.

ఇవాళ బాలమణికి తొడగడం నేర్పాను.
గాజులు తీసి కొంగున ముడేసుకుంది.
వేళ్లు దగ్గరికి చేర్చి, బొటనవేలు లోపలికి మడిచి,
"గాజులేస్కున్నట్టే గద."
అంతే. తియ్యడంలోనే ఉంది విద్యంతా.
మురికి వైపు లోపలికి పోయేట్టు తిరగేస్తూ,
బయటి వైపు వేలికి తగలకుండా.
మూడుసార్లు తీసింది.
నాలుగోసారి, లైటు ఆర్పి టార్చి వెయ్యమంది.

చేతులు ముందుకు చాచింది.
చాచిందనే అనుకుంటున్నాను.
చీకట్లో నాకేమీ కనపడలేదు.