రెండోసారి కడిగిన గ్లాసు

కొత్తనూరులో హార్డ్‌వేర్ షాపు పైన
రెండో అంతస్తులో మా సంఘం.
కింద పెయింటు వాసన, పైన స్తోత్రాలు.
బల్ల ఆదివారం అయ్యాక
చిన్న స్టీలు గ్లాసులు కడిగే పని నాది.
అరవై నాలుగు.
కావేరీ నీళ్లు రోజు విడిచి రోజు కనక
ఒక్క బకెట్టుతో సరిపెట్టాలి.

ఆవేళ ఒక గ్లాసు అంచు మీద
నేరేడు రంగు లిప్‌స్టిక్.
మా సంఘంలో ఆ రంగు వేసుకునేది ఒక్కతే.
కాంగో దేశం పిల్ల, నర్సింగ్ రెండో ఏడు.
తెలుగు ముక్క రాదు, అయినా వస్తుంది.
వెనక వరసలో కూర్చుంటుంది,
అటు కుర్చీ ఖాళీ, ఇటు కుర్చీ ఖాళీ.
పాస్టరు గారు ఇంగ్లీషులో చెప్పే అధ్యాయం అంకె ఒక్కటే
గాల్లోంచి పట్టుకుని
ఫోన్లో తన బైబిలు తెరుచుకుంటుంది.

ఆ గ్లాసు నేను రెండుసార్లు కడిగాను.
లిప్‌స్టిక్ కోసమే, అనుకున్నాను.
అది మొదటిసారికే పోయింది.

మా నాయనమ్మ దీవెనమ్మ టీ గ్లాసు
హోటలు చూరులో గుచ్చి ఉండేది.
తనే తీసుకోవాలి, తనే కడగాలి, తనే గుచ్చాలి.
బాప్తిస్మం తీసుకున్న మర్నాడు కూడా
అదే చూరు, అదే గ్లాసు.
"పేరు మారింది గదా దొరగారూ, గ్లాసు మారలేదేం?"
అని అడిగిందంట.
ఆయన చాలాసేపు ప్రార్థన చేశాడంట.

నాకూ రెండు పేర్లున్నాయి,
సర్టిఫికెట్లో ఒకటి, సంఘం రిజిస్టర్లో ఒకటి.
బాబుసాపాళ్యలో ఇల్లడిగినప్పుడు
"నీవు యావ జన?" అంది ఓనరమ్మ.
క్రిస్టియన్స్ అన్నాను.
అంతకు ముందు? అంది.
ముందేం లేదండీ అన్నాను.
రెండేళ్లుగా ఆ అబద్ధంలోనే అద్దెకుంటున్నాను.

ఇన్ని తెలిసిన చెయ్యే
ఆ గ్లాసును మళ్లీ సబ్బులో ముంచింది.

మంగళవారం హెణ్ణూరు బస్టాపులో కనిపించింది.
మూడు ఆటోలు ఆగి, ఆమె మొహం చూసి, వెళ్లిపోయాయి.
నేను చెయ్యెత్తితే నాలుగోది నిలబడింది.
ఎక్కాక పేరడిగాను. ఎస్పెరాన్స్ అంది.
అర్థం వెతుక్కుని వెతుక్కుని చెప్పింది.
ఓ, నిరీక్షణ!
మా ఊళ్లో ఆ పేరున్నోళ్లు ముగ్గురు,
ఒకామె వడ్డీకి తిప్పుతుంది, అన్నాను.
నవ్వింది.

రాని భాషలో ఏం వింటావమ్మా అంటే
చెప్పింది: మా అవ్వ ఏసయ్యతో ఫ్రెంచిలో మాట్లాడేది,
మా ఇంటి భాష ఆయనకు రాదేమోనని.
క్యాలెండర్లో తెల్లగా ఉండేవాడు కదా.
ఇక్కడ ఆయనకొచ్చిన భాష నాకు రాదు, అంతే తేడా.

మావాళ్లూ అంతేనన్నాను.
వంటింట్లో "ఏందే, ఇట్రా" అనే నాయనమ్మ
మోకాళ్ల మీదికి రాగానే
"మహా పరిశుద్ధుడవగు తండ్రీ" అంటూ
పెట్టెలో చీర తీసినట్టు
గ్రాంథికం కట్టుకునేది.

గ్లాసు సంగతి చెప్పేద్దామనుకున్నాను.
లింగరాజపురం సిగ్నల్ దగ్గర నోరు తెరిచాను కూడా.
"ఛార్జీ సగం సగం" అన్నాను.

ఆ రాత్రి నేను గ్రాంథికం కట్టుకోలేదు.
అయ్యా, నువ్వున్నావో లేవో నాకు తెలవటంలా.
ఉంటే ఒక మాట చెప్పు.
నన్ను ఏ పేరుతో పిలుస్తన్నావు?
మా నాయనమ్మ గ్లాసు నువ్వెప్పుడన్నా ముట్టుకున్నావా?
పక్కింటి మిక్సీ ఆగింది.
ఎక్కడో కుక్క.
అంతే.

మళ్లీ బల్ల ఆదివారం వచ్చింది.
వెనక వరసలో ఆమె పక్కన కూర్చున్నాను.
ఇప్పుడు నా అవతలి కుర్చీ ఖాళీ.

సాయంత్రం నేరేడు రంగు గ్లాసు
ఒక్కసారే కడిగాను.
చెయ్యి మాత్రం సబ్బు వైపు పోయింది,
పోతుంటే చూస్తూ నిలబడ్డాను.
బకెట్లో నీళ్లు
ఇంకా సగమున్నాయి.