ఖాళీ బరువు

చిత్తూరు దాటి పలమనేరు రోడ్డులో
గుజ్జు ఫ్యాక్టరీకి ఇవతల మా వేబ్రిడ్జి.
నిండు బండి ఎక్కితే ఒక అంకె,
ఖాళీ బండి ఎక్కితే ఒక అంకె,
తీసేస్తే మిగిలేదే కాయ.
పదకొండేళ్ళుగా నా చదువంతా ఈ ఒక్క తీసివేత.

జూన్‌లో తోతాపురి దిగిందంటే
ట్రాక్టర్లు మురకంబట్టు దాకా నిలబడతాయి.
"నా నెంబరు ఎప్పుడొస్తాదక్కా?"
కిటికీలో తల పెట్టి అడగనివాళ్ళు లేరు.
అందుకని రాత్రి డ్యూటీల్లో కూర్చుని ఒక యాప్ రాశాను.
టోకెన్ కొట్టు, నీ ముందు ఎన్ని బండ్లో చూసుకో,
పోయి ట్రైలరు కింద కాసేపు పడుకో.

మొదట అది ఎక్కడో ఎవరి కంప్యూటర్లోనో ఉండేది, ఊరికే.
మూడు వందలమంది ఒకేసారి తెరిచిన నెల
డాలర్లలో బిల్లొచ్చింది.
మా ఓనరు కాయితం అటూ ఇటూ తిప్పి
"ఎవురింట్లోనో మన ఆవును కట్టేస్తే
గడ్డికి దుడ్లు అడగరా మేయ్" అన్నాడు.

సరే, మన కొట్టంలోనే కట్టుకుందాం.
మూత విరిగిన లాప్‌టాపు, రెండు జీబీల మెమరీ,
కాటా బల్ల కింద, చీపురు పక్కన.

బిల్డ్ పెట్టాను. సగంలో చచ్చింది.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ.
'కిల్డ్' అని ఒక్క మాట, కారణం చెప్పదు.
విసుగెత్తి ఫోల్డరును తూకం వేశాను:
నేను రాసింది రెండు వందల కిలోబైట్లు,
దాన్ని మోయడానికి ముఖం తెలీనివాళ్ళు రాసిన సామాను
ఆరు వందల మెగాబైట్లు.
ఇంత లారీ, ఇంతే కాయ!
నవ్వొచ్చింది. ఖాళీ బరువు నాకేం కొత్త?
గ్రీమ్స్‌పేటలో షాహిన్ నెట్ సెంటర్‌కి పోయి
అక్కడి పెద్ద కంప్యూటర్లో బిల్డు చేసి
కావలసినంతే మూటగట్టి పెన్‌డ్రైవులో తెచ్చాను.

కేబుల్ చెంగల్రాయుడు నెలకి రెండొందలకి
మారని అడ్రసు ఒకటి ఇప్పించాడు.
రౌటర్లో తలుపు తీశాను, ఒక్కటే.
పది నిమిషాలకే ఏ దేశాల నుంచో వచ్చి తట్టారు,
అడ్మిన్ ఉన్నాడా, పాస్‌వర్డుల ఫైలు ఉందా అని.
లేడు, లేదు, లేడు అని
రాత్రంతా చెప్తూనే ఉంది పాపం.

ఆ సీజనంతా నిలబడింది.
కరెంటు పోతే యూపీఎస్ కుయ్యోమనేది.
ఒకసారి ఎలుక వైరు కొరికింది.

ఆగస్టు చివరికి ఫ్యాక్టరీ పొగ ఆగింది.
ఇక ఆపేద్దామని లాగు తెరిస్తే
రోజూ రాత్రి పదకొండు దాటాక ఒక్కరు వస్తున్నారు.
ఒకటే పేజీ. టోకెన్ 212.
'వరుసలో ఉంది.'

పుస్తకం తిరగేశాను. వజ్రవేలు, తవణంపల్లె.
మూడో రోజుకి ట్రైలరు నుంచి రసం కారింది,
రేటు ఇంకా పడింది.
అర్ధరాత్రి బండి తిప్పుకొని పోయి
రోడ్డు పక్కన దించేశాడని తరవాత విన్నాను.
కాటా ఎక్కలేదు, కాబట్టి
నా లెక్కలో ఆ కాయకి బరువు లేదు.

నా యాప్‌లో ఉన్నవి మూడే మాటలు:
వరుసలో ఉంది, తూకం అయింది, వెళ్ళిపోయింది.
నాలుగోది కావాలని నాకు తోచనే లేదు.

దాని కోసం రెండు రాత్రులు కూర్చున్నాను.
'రద్దు' అంటే తప్పు ఆయనదైనట్టు.
'పారబోశారు' అని రాసి చెరిపేశాను.
చివరికి ఇలా పెట్టాను:
'కాయ తెచ్చినారు. మేం తీసుకోలేదు.'

బిల్డు, మూట, పెన్‌డ్రైవు.
పాతదాన్ని ఆపి కొత్తదాన్ని లేపడానికి నాలుగు సెకన్లు.
ఆ నాలుగు సెకన్లలో ఎవరూ రాలేదు.

పదకొండూ ఇరవైకి లాగులో ఒక వరస పడింది.
212. పక్కన 200.
అంటే అడిగింది అందింది అని.
చదివారా అన్నది అందులో ఉండదు.

తాళం గుర్తుకి ఇంకా పద్దెనిమిది రోజులు గడువుంది.
మళ్ళీ తెచ్చుకుంటాను.