వెంట్రుకవాసి

యానిస్బెల్ మునివేళ్ళ మీదికి లేచినప్పుడల్లా
నా కుడిచెయ్యి కాస్త ఆగుతుంది.

అది తాళం తప్పడమే. నాకు తెలుసు.
కమగ్వేయ్ ఊళ్ళో ఈ బ్యాలే బడికి
ఇరవయ్యారేళ్ళుగా పియానో వాయిస్తున్నాను.
రెండు మెట్లు మూగవి.
ఇంకొకటి ఉక్కకి ఉబ్బి, నొక్కితే దిగుతుంది గానీ
పైకి రాదు, గోటితో మీటి లేపుకోవాలి.
పైకి రానివాటితో నాది పాత స్నేహం.

మడమలు నేలని వదులుతాయి.
కమ్మీ మీద వేళ్ళు తెల్లబడతాయి.
సగం దాకా సులువే, పాలు పొంగినట్టు.
ఆ పైన ఏదో అడ్డం పడుతుంది.
బూటు మొనలోని గట్టి అంచు మీద
కొంచెం వెనక్కి వాలి ఉండిపోతుంది,
గడప దాకా వచ్చి
లోపలికి రమ్మనలేదే అని నిలబడ్డ చుట్టంలా.

ఒబ్దులియా టీచరు కేకలెయ్యదు.
పాత బస్సు టికెట్టు నాలుగు మడతలు పెట్టి
మోకాళ్ళ మీద కూర్చుని
బూటు మొన కిందికి తోస్తుంది.
దూరుతుంది.
దూరకూడదు.

మిగతా పిల్లలవి గాలాల్లా వంగే పాదాలు.
రొసాల్బా పాదమైతే చూడాలి, అందులో ఎముక ఉందా అని అనుమానం.
ఇది వాళ్ళ నాన్న పాదం, సైకిల్ బండి తొక్కే పాదం,
చెరకు నరికిన నాయనమ్మ నుంచి దిగిన
పలకలాంటి పాదం.
నేల దాన్ని అంత తేలిగ్గా వదలదు.

బూట్లూ తనవి కావు. ముగ్గురు తొడిగి విడిచినవి.
తేమకి మెత్తబడితే
శవపేటికలు చేసే మేనమామ
మిగిలిన లక్క పూసి ఎండబెట్టి ఇస్తాడు.
ఆ పిల్ల కన్నా ముందు ఆ వాసన లేస్తుంది.

క్లాసయ్యాక నా పియానో కింద పాదాలు దూర్చి
వెనక్కి చేతులాన్చి కూచుంటుంది,
అంత బరువూ పాదాల వంపు మీద పడేలా.
నేను మెల్లగా ఏదో ఒకటి వాయిస్తాను.
కర్ర గుండా ఎముకలకి వినపడుతుందట.
ఒకరోజు కిందనుంచే అడిగింది:
"ఎవేలియో, నాకోసం ఆగుతున్నారు కదూ?"
లేదన్నాను.
"ఆగకండి.
మీరాగితే నేను పైకొచ్చేశాననుకుంటున్నాను."

మంగళవారం సాయంత్రం కరెంటు పోయింది.
మాకిది కొత్త కాదు. ఫ్యాన్లు నిలిచాయి,
పెరట్లో వాననీళ్ళ కాగుల దగ్గర కప్పలు అందుకున్నాయి.
వాయించు, అంది ఒబ్దులియా.
నా వేళ్ళకి దీపం అక్కర్లేదు.
ఆగకుండా వాయించాను.
ఆగకపోవడానికి పళ్ళు బిగపట్టాల్సి వచ్చింది.
ఎనిమిదిమంది లేచారు.
టక్.
ఒక్కటే చప్పుడు.
రోజూ దాని వెనకాలే వచ్చే రెండోదాని కోసం
చెవి ఒగ్గాను.
రాలేదు.
అసలు లేవనే లేదో,
అందరితో కలిసిపోయిందో,
చీకట్లో ఎవరూ కొలవలేదు.

మర్నాడు వెలుతుర్లో
ఒబ్దులియా మోకాళ్ళ మీద కూర్చుంది.
టికెట్టు తోసింది. మళ్ళీ తోసింది.
యానిస్బెల్ పిక్క వణుకుతోంది,
గడ్డం మాత్రం వణకడం లేదు.
నేను ఉబ్బిన మెట్టుని గోటితో లేపి
అలాగే పట్టుకున్నాను.

ఒబ్దులియా ఏమీ అనలేదు.
టికెట్టు మడత ఒకటి విప్పి
మళ్ళీ వంగింది.