తయారు కాలేదు

ఊలు కండెలు దింపడం, నేసిన తాను ఎక్కించడం,
చీటీ మీద సంతకం పెట్టించుకోవడం.
మిల్లు వ్యాను నడిపేవాడి పని ఇంతే.
లూయిస్ దీవి ఉత్తరపు కొసన
చెట్టన్నది లేని దారిలో ఇరవై రెండు మగ్గాలు.
పదిహేడోది ఓయ్‌రిక్ ముసలమ్మది.

ఆమె రేకుల షెడ్డు కనబడకముందే వినబడేది.
టకాటక్, టకాటక్,
నల్లటి బురదనేలల మీదుగా, గాలికి ఎదురీదుతూ.
కాళ్ళు తొక్కుతూనే ఉంటాయి,
నాడె అటూ ఇటూ పరుగెడుతుంది.
టీ కెటిల్ ఎక్కడుందో
తల ఎత్తకుండా గడ్డంతో చూపిస్తుంది.

ఇక్కడ ఆదివారమంటే ఆషామాషీ కాదు.
శనివారం పొద్దుగూకేలోపే దుంపలకు తొక్క తీసి పెడతారు,
పిల్లల ఉయ్యాలను గొలుసుతో కట్టేస్తారు,
తీగ మీద ఒక్క గుడ్డ కూడా మిగలదు.
అందరికంటే ముందు ఓయ్‌రిక్ మగ్గానికి దుప్పటి కప్పేది.
కానీ చర్చిలో ఆమె వెనక బెంచీ నాది,
నాకు తెలుసు.
కీర్తన ఎత్తుకునే పెద్దాయన గొంతు
అలలా లేచి విరిగే వేళ
నల్ల స్కర్టు కింద ఆ కాళ్ళు
తొక్కుతూనే ఉండేవి.
ఎడమ, కుడి. ఎడమ, కుడి.
ఆజ్ఞ ఆమె చేతుల్ని ఆపగలిగింది, అంతవరకే.

ఎందుకని ఎవరూ అడగరు.
పీతల బుట్టలు తెమ్మని కొడుకు తోర్కిల్‌ను ఆమే పంపింది,
గాలి మారుతోందమ్మా అని వాడన్నా వినకుండా.
పడవ మాత్రం దొరికింది.
ఆ తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్ళలో
ఆమె నేసిన బట్టంతా పరిస్తే
వాడు మునిగిన చోటు దాకా వెళ్ళి
తిరిగి ఇంటికి వస్తుంది.

మొన్న మంగళవారం షెడ్డు వినబడలేదు.
గుండె గుభేలుమంది.
ఇంజను ఆపకుండానే దిగి పరుగెత్తాను.
గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది,
బూట్లు విడిచి,
ఉబ్బిన పాదాలు తడిగడ్డిలో పెట్టి.
లోపల మగ్గం మీద సగం తాను,
పడుగు మధ్యలో ఆగిపోయిన నాడె.

"అయిపోలేదు," అంది. "ఈ వారం అవదు."
తప్పు ఒప్పుకున్నట్టు కాదు,
వాన వెలిసిందని చెప్పినట్టు.

"ఒంట్లో బాగాలేదా?"
నవ్వింది. ఆ పళ్ళు నేనెప్పుడూ చూడలేదు.
"రమ్మని పిలుస్తూనే ఉన్నాడు, ముర్డో.
చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను.
అది బాగా అలసిపోయినవాళ్ళకేమో అనుకున్నాను."

కాసేపు సముద్రం వైపు చూసింది.
"రాత్రి కండె మార్చబోయి కూలబడిపోయాను.
ఇంకా ఎంత నేస్తే సరిపోతుందయ్యా అన్నాను.
జవాబేమీ రాలేదు.
చేతిలోంచి ఎవరో బుట్ట అందుకున్నట్టు మాత్రం అయింది.
మనం మెట్లెక్కుతుంటే పక్కింటివాళ్ళు అందుకోరూ, అలాగ.
ఇన్నాళ్ళూ పర్లేదు, నేనే మోస్తానని లాక్కునేదాన్ని.
రాత్రి ఇచ్చేశాను."

నేనేమీ అడగలేదు.
ఆమే అంది, "వాణ్ణి కూడా."

చీటీ తీసి 'తయారు కాలేదు' అని రాశాను,
ఆమె పేరుకెదురుగా మొట్టమొదటిసారి.
ఆమె కాస్త పక్కకి జరిగింది.
మెట్టు మీద ఒక మనిషి పట్టేంత చోటు.
ఇంకా ఐదు మగ్గాలున్నాయన్నాను,
చీకటి పడుతుందన్నాను,
మేనేజరు సంగతి తెలుసుగా అన్నాను,
అన్నీ నిలబడే.
ఆమె బదులు చెప్పలేదు,
చోటును మాత్రం అలాగే ఉంచింది.

వ్యాను దగ్గరికెళ్ళి తాళంచెవి తిప్పాను.
ఇంజను ఆగింది.
అప్పుడు గానీ తెలియలేదు
ఇంతసేపూ ఎంత చప్పుడు చేస్తున్నానో.