ఆలస్యంగా వాపసు

పనిముట్ల గది తాళంచెవి నా మెడలో ఉంటుంది.
పొద్దున ఏడింటికి కిటికీ తీస్తాను,
చిట్టా తెరిచి గీతలు గీస్తాను:
పేరు, వస్తువు, వేలిముద్ర, వాపసు.

బంగా ఊళ్ళో వానాకాలం.
రేకుల కప్పు మీద వాన మొదలైతే
మేష్టారి నోరు కదలడమే కనిపిస్తుంది,
పాఠం వినపడదు.
అప్పుడు పిల్లలు ఆయన చేతులు చూసి నేర్చుకుంటారు.
అదే మేలేమో అనుకుంటాను ఒక్కోసారి.

మొదటి ఏడాది, తుపాకి అప్పగించినవాళ్ళకే చీటీ.
చీటీ ఉన్నవాళ్ళకే బడి.
గర్మాయ్ గేటు బయట మూడు రోజులు నిలబడింది.
నాలుగేళ్ళు వాళ్ళ బియ్యం మోసింది,
వాళ్ళకి వండింది,
వాళ్ళలో ఒకడికి బిడ్డను కంది.
"నీ తుపాకి ఏదమ్మా?" అన్నాడు గుమాస్తా.
"నాకు గరిటె ఇచ్చారు" అంది.
గరిటెకి చీటీ రాసే నియమం లేదు.

నేనే ఒక పేరు కొట్టేసి ఆమె పేరు రాశాను.
ఆ పేరుగలవాడు రాలేదు,
వస్తాడని ఎవరూ అనలేదు.
తప్పే. ఆ పేజీ ఇంకా చింపలేదు.

ఆడవాళ్ళందరినీ కుట్టుమిషన్ల వైపు తోలారు.
ఆర్నెల్లలో నలభై ఇద్దరు దర్జీలు!
శనివారం సంతలో చూడాలి,
ఒక్క చొక్కా చిరిగితే నలుగురు సూదులు తీస్తారు.
మిషను అమ్మి బియ్యం కొన్నవాళ్ళని తప్పుపట్టను,
బియ్యం ధర నాకూ తెలుసు.
గర్మాయ్ మాత్రం బోరింగు పంపు విప్పడం నేర్పమంది.
"ఆడదానివి, ఆ బరువు..." అని నసిగాడు మేష్టారు.
ఆమె ఏమీ అనలేదు.
నడినెత్తిన జుట్టు మొలవని చోటు
వేలితో తడిమి చూపించింది.

టోక్పా సంగతి చెప్పాలి.
వడ్రంగం క్లాసు. పంతొమ్మిదేళ్ళు.
కుడిచేతికి నడివేలు లేదు.
మా దేశంలో చేతులు కలిపి విడిచేటప్పుడు
ఇద్దరి నడివేళ్ళూ కలిసి చిటిక వేయాలి.
అతను చెయ్యి జేబులోనే ఉంచుకుంటాడు.

ఒక సాయంత్రం సుత్తి ఒకటి తక్కువొచ్చింది.
మళ్ళీ లెక్కపెట్టాను.
చీకటి పడేవేళ లెక్క తగ్గితే
నా కడుపులో ఏదో జారుతుంది.
ఒకప్పుడు నేను పిల్లల్ని లెక్కపెట్టేదాన్ని,
రబ్బరు తోటలో, దీపం లేకుండా,
తలలు తడిమి.

మర్నాడు తెచ్చాడు. తుడిచి మరీ తెచ్చాడు.
"పిన్ని ఇంటికి తలుపు లేదు, పదకొండేళ్ళుగా.
రాత్రి బిగించాను."
"మరి మొహం అలా వేలాడేశావేం?"
"పిన్ని నిద్రపోలేదు.
తలుపు మూస్తే బయట ఎవరు నిలబడ్డారో తెలియదంట.
బార్లా తెరుచుకుని దాని పక్కనే కూచుంది, తెల్లవార్లూ."

జల్లు కిటికీలోంచి చిట్టా మీద పడుతోంది.
మోచేత్తో అడ్డుపెట్టుకున్నాను.
అతను కాసేపాగి అడిగాడు:
"అరంగుళం బెజ్జం వేసే బరమా ఉందా?
ఆమె కంటి ఎత్తులో..."

ఉంది. పిడి వదులు. గుడ్డపేలిక చుట్టి ఇచ్చాను.
"ఎత్తు కొలిచావా?"
"నా భుజం దాకా వస్తుంది."
"నిలబడితేనా, కూచుంటేనా?"
టోక్పా ఆలోచించాడు.
"రెండు బెజ్జాలు వేస్తాను" అన్నాడు.

సుత్తి ఒకటి. ఆలస్యంగా వాపసు.
నా చిట్టాలో కారణం అనే వరుస ఉండేది కాదు.
ఆ రోజు గీశాను, స్కేలు లేక కొంచెం వంకరగా,
అందులో మొదటి మాట: తలుపు.

గర్మాయ్ పెద్ద స్పానరు పట్టుకెళ్ళి నాలుగు రోజులైంది.
కారణం గడి ఖాళీగానే ఉంది.
సంత వెనకనుంచి వస్తున్న ఆడవాళ్ళ నెత్తిన
బకెట్లు తొణుకుతున్నాయి,
నీళ్ళు ఇంకా కాస్త ఎర్రగానే ఉన్నాయి.
నేను కబురు పంపలేదు.