అచ్చుగుద్దినట్టు

రెండూ తెల్లవే.
రెండింటికీ నడుం చుట్టూ ఒకే బూడిదరంగు చార,
ఇరవైయారడుగుల పొడుగు,
ఎక్కడానికి మడతపడే రెండు ఇనప మెట్లు.
మూస్ జా ఊరి చివర, వెర్న్ కంకర ఆవరణలో
పక్కపక్కనే నిలబడి ఉన్నాయి,
ఒకే కాన్పులో పుట్టి
మాటల్లేని అక్కచెల్లెళ్ళలా.

ఏప్రిల్. మంచు కరిగిన బురద.
బూట్లు విప్పి రండి, అన్నాడు వెర్న్.
విప్పాం, తొడిగాం, మళ్ళీ విప్పాం,
దీన్లోంచి దాన్లోకి, దాన్లోంచి దీన్లోకి
నాలుగు జతల తడి మేజోళ్ళు.

మొదటిదాన్లో వెనక గోడకి రెండు అరలు,
ఒకదాని మీద ఒకటి, పిల్లలు పడుకోవడానికి.
రెండోదాన్లో అరల్లేవు.
ఆ చోట గోడంత కిటికీ, కింద బల్ల.
రాత్రి బల్ల దించితే పక్క.
అంతే తేడా.
ఇంకోటి కూడా ఉంది:
అరలున్నది రెండొందల నలభై పౌండ్లు బరువెక్కువ,
మా పికప్ పాతది.
"నీకన్నా కొంచెం ఎక్కువ," అంది లెనోర్,
"నిన్ను ఇంట్లో దించేస్తే సరిపోతుంది."
వెర్న్ నవ్వాడు.
నేను కాస్త ఆలస్యంగా నవ్వాను.

బొహ్దాన్ అప్పటికే పై అర ఎక్కేశాడు.
ఆరేళ్ళు. ముక్కుకీ కప్పుకీ మధ్య మూరెడు చోటు.
కప్పు మీద వేలితో ఏదో గీస్తున్నాడు.
హాల్యా కింది అరలో పడుకుని చూసింది:
పాదాలు బయటికొచ్చాయి.
ఏమీ అనలేదు. లేచి, రెండోదాన్లోకి వెళ్ళి
కిటికీ దగ్గర కూర్చుని
కంకరనీ, కంచెనీ, ఆవల రైలు కట్టనీ
సరస్సేదో ఉన్నట్టు చూసింది.

మూడు శనివారాలు మీనమేషాలు లెక్కపెట్టాం.
వంటింటి బల్ల మీద రెండు బ్రోచర్లు,
వాటి మీద కాఫీ కప్పుల వలయాలు.
లెనోర్ వేళ్ళు మడిచింది.
హాల్యాకి పదిహేను. మనతో వచ్చేవి ఇంకో రెండు వేసవులు,
మూడోది దయతలిస్తే.
"దానికి కిటికీ ఇద్దాం.
వాడికేం, చాలా ఏళ్ళున్నాయి."
న్యాయమే.
న్యాయం బరువు కూడా తక్కువే,
రెండొందల నలభై పౌండ్లు.
సంతకం పెట్టాను.
ఇంటిదాకా బొహ్దాన్ మాట్లాడలేదు.
అద్దంలో వాడి మొహం,
దాని వెనకాల, మేం కొన్నది.

జూలై. డీఫెన్‌బేకర్ సరస్సు ఒడ్డున
పద్నాలుగో నంబరు స్థలం మాది.
సాయంత్రం పదిహేనులోకి వెనక్కి వెనక్కి వచ్చి ఆగింది,
తెల్లగా, బూడిద చారతో.
వెర్న్ దగ్గర వదిలేసిందే, లేకపోతే దాని తోబుట్టువు.
దిగింది ఇద్దరే, ముసలివాళ్ళు, పెడెర్సన్ దంపతులు.
పికరెల్ చేపలు కోస్తూ ఆయన చెప్పాడు,
కింది అరలో గాలాలు, పై అర ఖాళీ.
"ఆవిడ ఎక్కలేదు, నేను దిగలేను."
లెనోర్ పొట్టపట్టుకుని నవ్వింది.
నేను బొహ్దాన్ వైపు చూశాను.
వాడు చేప కన్నుని పుల్లతో పొడుస్తున్నాడు.

రాత్రి మూడింటికి మెలకువొస్తే
బల్లపక్క మీద హాల్యా ఒక్కతే,
మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, కిటికీ వైపు.
"పాస్‌కి వెళ్ళాడు," అంది. "ఇందాక."
ఇందాక అంటే ఎంతసేపు?
టార్చి. చెప్పులు కుడిఎడమలు మారిపోయాయి.
మరుగుదొడ్ల దగ్గర లేడు. పడవల దగ్గర లేడు.
సరస్సు అంత నల్లగా ఉంటుందని
పగలు ఎవరూ చెప్పరు.

పదిహేనులో దీపం వెలిగింది.
మిసెస్ పెడెర్సన్ తలుపు తీసి, గొంతు తగ్గించి,
"మీదొకటి మా దగ్గరుంది."

పై అరలో బొహ్దాన్.
ఆవిడ కప్పిన దుప్పటి గడ్డందాకా.
కప్పు మీద తడివేలితో గీసిన గుండ్రం ఒకటి
ఇంకా పూర్తిగా ఆరలేదు.

రెండే మెట్లు, అదే పిడి, అదే చార,
చీకట్లో ఎవరైనా పొరబడతారు, అన్నాను
సంజాయిషీగా.
"అవునవును," అంది ఆవిడ.
"బూట్లు మాత్రం మెట్ల దగ్గర విప్పి
జతగా పెట్టి వచ్చాడు."

తెల్లారేదాకా ఉండనివ్వమంది.
బయటికొచ్చి ఆ బూట్లు తీసుకుని
మాదాని మెట్ల దగ్గర పెట్టాను.
కాసేపు నిలబడ్డాను.
మళ్ళీ తీసుకెళ్ళి
ఎక్కడివక్కడే పెట్టేశాను.