నలభై నాలుగో గీత

షువైఖ్ గ్యారేజీల గల్లీల రికవరీ అంటే
ఆగిపోయిన కార్లను ఎత్తుకపోయేది.
పసుపు లైటు, పదిహేను దీనార్ల బేరం.
అబూ ధారి తెచ్చిన బండి కూడ రికవరీయే,
కాకపోతే దాని గిరాకీ ట్యాంకులు.

బస్రా తుక్కు యార్డు నుంచి
లోబెడ్డు మీద పండుకొని వచ్చింది.
బతుకంత ఇంకొకల్లను గుంజినదాన్ని
ఇంకొకటి మోసుకొచ్చుడు గదే మొదలు కావచ్చు.
బానెట్టు కింద పావురాల గూడు, రెండు గుడ్డు పెంకులు.
"స్కామెల్, నలభై రెండు" అన్నడు అబూ ధారి,
ఇంట్ల ముసలాయన పుట్టిన ఏడు చెప్పినట్టు.

రెండేండ్లు పట్టింది.
దొరకని వాషర్లు గుల్ జమాన్ లేతు మీద కోసిండు.
రంగు గీకితే రంగు కింద రంగు:
యార్డు ఎరుపు, ఏదో కంపెనీ నీలం,
అన్నిటికన్న అడుగున ఇసుక రంగు.
ఇక్కడి ఇసుక కాదు, ఎక్కడిదో, జెర గులాబి.
"అదే వెయ్యి" అన్నడు.
ఏడు డబ్బాలు కలిపినం ఆ ఒక్క రంగు కోసం.

వించి డ్రమ్ము విప్పిన రోజు
చివరి చుట్టు కింద తీగతాడుకు అతుకు కనబడ్డది.
వంకర అతుకు, ఆగమాగం వేసింది.
మా నాయిన తాళ్లెక్కేటోడు. మోకు తెగితే పేనుడు ఎట్లనో
నాకు ఎనిమిదేండ్లకే తెలుసు.
ఒక పురి ఎత్తి ఇంకో పురి కింద దూర్చేటప్పుడు
మనిషి చెయ్యి ఏడ వణికిందో తాడు చెప్తది.
ఇది మూడో పురి దగ్గర వణికింది.
కొత్త తాడు ఎక్కించినం.
పాతదాంట్ల మూరెడు ముక్క నా పెట్టె అడుగున ఉన్నది,
ఎందుకని అడగకుండ్రి.

డ్రైవరు తలుపు లోపలి రేకు మీద
మేకుతోని గీసిన గీతలు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం, ఎనిమిది కట్టలు.
తొమ్మిదో దాంట్ల మూడే.
గుంజిన బండ్లా, గడిచిన నెలలా,
బండ్లల్లకెల్లి దించిన పీనుగులా?
మా ఇంట్ల గీత అంటే కల్లు గీత.
ఈ గీత ఏం పారిందో నాకు తెల్వది.
ఆ రేకుకు మాత్రం రంగు వెయ్యనియ్యలే.

ఫిబ్రవరి సెలవులకు ముత్లా అవతల ప్రదర్శన.
టెంట్లు, గహ్వా, ఫోన్లు పైకెత్తిన పిల్లలు.
గుంత తవ్వి, ఒక లారీని చక్కగ పూడ్చినం.
ఆరు లివర్లు లేపి
నేనూ గుల్ జమానూ హ్యాండిల్ తిప్పినం.
ఒకటి దగ్గింది. ఇంకొకటి అందుకున్నది.
ఆరూ కలిసినంక సప్పుడు చెవులకు కాదు,
అరికాళ్లకు తెలిసింది.
తాడు బిగిసి సన్నగ మూల్గింది,
లారీ లేచింది, చప్పట్లు.
గుంత మేం తవ్విందే కదా,
నా చేతులు ఎందుకో సిగ్గుపడ్డయి.

జనం పోయిన్రు. లోబెడ్డు ఇంక రాలే.
పొద్దుగూకేటాల్లకు జాకూర్ దిక్కుకెల్లి
టార్చి ఊపుకుంట ఒకాయన:
ఇద్రీస్, సూడాన్.
జత్తు గడ్డి పికప్పు ఇరుసుల దాక దిగబడ్డదట,
మేకలు పొద్దటి సంది పస్తట.
అబూ ధారి గడియారం చూసిండు, ఇంజను చూసిండు.
"యల్లా" అన్నడు.

మనిషి నడక కంటె మెల్లగ పోయినం.
చీకట్ల ఎవరూ ఫోను ఎత్తలే.
కొక్కెం తగిలిచ్చేటప్పుడు
మూడో పురి యాదికొచ్చింది.
తాడు ఈసారి మూల్గలే, బరువు చిన్నది.
ఇసుక ఒక్కసారి గుటక మింగినట్టయి
పికప్పును వదిలింది.

"ఎంత?" అడిగిండు ఇద్రీస్, రికవరీ కదా మరి.
అబూ ధారి నా దిక్కు చూసిండు,
నేను తాడు చుట్టుకుంట కూసున్న.
ఆయన ఊకోలే. రెండు మోపుల పచ్చగడ్డి
బండి ఎనుక పడేసిండు,
ఎద్దుకేసినట్టు.

తెల్లారి గ్యారేజిల డీజిల్ వాసన మీద పచ్చి వాసన.
మేకు దొరకలే.
స్క్రూడ్రైవరు మొనతోని గీసిన,
తొమ్మిదో కట్టల నాలుగోది.
అడ్డగీతకు ఇంక జాగ ఉన్నది.